మూడో ఎడిషన్ కెమిస్ట్రీ

పెద్దసారు కళ్లు చూపించుకోవడానికి నా దుకాణానికి వచ్చే సోమవారం కోసం మూడు వారాలు కాచుకుని కూర్చున్నాను. నా జీవితంలో ఏ పరీక్షకీ అంత శ్రద్ధగా తయారవలేదు. అద్దాల పెట్టె తుడిచాను. దగ్గరచూపు కోసం చదివించే అట్టను సొరుగు అడుక్కి తోసేసి, దాని స్థానంలో నాలుగు వస్తువులు పేర్చాను: ఒకేలా కనిపించే రెండు కెమిస్ట్రీ పుస్తకాలు, ఎర్ర సిరా గీతలతో నిండిన నా కూతురి పరీక్ష పేపరు, నా భార్య చేత్తో రాసిన ఒక జాబితా.

నేను కోపిష్ఠిని కాను. ఇరవై రెండేళ్లుగా కళ్లజోళ్లు చేస్తున్నాను. ఈ పనిలో చెయ్యి వణికితే గాజు పగులుతుంది కాబట్టి కోపాన్ని గుమ్మం బయట వదిలి రావడం అలవాటైంది. ఆ మూడు వారాలూ మాత్రం అది నాతోపాటే వచ్చి దుకాణం తెరిచి, నాతోపాటే తాళం వేసుకుని ఇంటికి వచ్చింది.

మా చర్చిలో పదకొండు కుటుంబాల వాళ్లం పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటాం. ప్రతి గురువారం చర్చి కింది హాల్లో కలుస్తాం. చిన్న తరగతుల్లో ఎవరి ఇష్టం వాళ్లది. హైస్కూలు వయసు వచ్చేసరికి కాలేజీల వాళ్లు నమ్మే రికార్డు ఒకటి కావాలి. దాన్ని రాసేది పెద్దసారు. ముప్పై ఏళ్లు హెడ్‌మాస్టరుగా చేసి దిగిన మనిషి. ఏ ఏడు ఏ కోర్సు, దానికి ఏ పుస్తకం అని ప్రతి ఇంటివాళ్లూ ఒక జాబితా రాసిస్తే ఆయన చూసి కింద సంతకం పెట్టి తిరిగి ఇస్తారు. ఏడాది చివర పిల్లలు పుస్తకం ఆఖర్న ఉన్న నలభై ప్రశ్నలకీ ఇంట్లో అమ్మ ఎదుటో నాన్న ఎదుటో కూర్చుని జవాబులు రాసి, కవరు అంటించి ఇస్తే ఆయనే దిద్దుతారు. జవాబుల పుస్తకాలు ఆయన బీరువాలో తాళం వేసి ఉంటాయి. తల్లిదండ్రులకు చూపించరు. దిద్దిన పేపర్లో కూడా ఒప్పుకు టిక్కు, తప్పుకు ఇంటూ, అంతే. సరైన జవాబు రాయరు. రాస్తే వచ్చే ఏడు పిల్లల చేతికి చిక్కుతుందని భయం.

మా ఇంట్లో పుస్తకాలు ఎంచడం నా భార్య పని. నాకు డిగ్రీ ఉంది, ఆమెకు ఓపిక ఉంది. కొనే ముందు పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి అమ్మాయికి పైకి చదివి వినిపించేది. అమ్మాయి ‘ఊఁ’ అంటే తిరిగి బల్ల మీద పెట్టేసేది. ‘ఎందుకు?’ అంటే సంచిలో వేసేది. ఒకసారి పేజీకో దేవుని వాక్యం అచ్చువేసిన లెక్కల పుస్తకాన్ని అలాగే వెనక్కి ఇచ్చేసింది.

“వాక్యాలున్నాయిగా, బాగానే ఉందిగా?” అన్నాను.

“లెక్కల్లో తప్పులున్నాయండీ. తప్పులు చేసి వాక్యం చాటున దాక్కోవడం ఏం భక్తి?” అంది.

అమ్మాయి పదో తరగతి ఈడుకు వచ్చిన ఏడు కెమిస్ట్రీ కోర్సుకు సంఘంలో అందరూ ఒకే పుస్తకం తీసుకున్నారు. నా భార్య కూడా అదే తీసుకుంది, కాకపోతే అందులో మూడో ఎడిషన్. మిగతా అందరిదీ రెండోది. మూడోదాంట్లో ప్రయోగాలన్నీ వంటింటి వస్తువులతో చేసేవి. పైగా సృష్టి గురించిన మొదటి పాఠం పాతదాంట్లో పిల్లల్ని గద్దించినట్టు ఉంటే, కొత్తదాంట్లో రాసినాయన తనే ఆశ్చర్యపడుతూ రాశాడట. రెండింటి అట్టా ఒకటే, రంగూ ఒకటే. వెన్ను మీద చిన్న అక్షరాల్లో తప్ప తేడా కనబడదు.

ఆ ఏడాది సగంలో ఆమెకు జబ్బు బయటపడింది. మంచం మీద దిండ్లు పేర్చుకుని పాఠం చెప్పేది. అమ్మాయి వారం వారం చేసిన లెక్కలను తనే దిద్ది మార్కులు వేసేది. ఎప్పుడూ తొంభైకి తగ్గలేదు. ఏడాది చివరి పేపరు పెద్దసారు దగ్గర నుంచి వచ్చింది: నలభైకి పదకొండు.

ఆ గురువారం ఆమె మందుల నీరసంతోనే హాలుకు వచ్చింది. “సార్, జవాబుల పుస్తకం ఒక్కసారి చూపిస్తారా? ఎక్కడ పోయిందో తెలుసుకుంటాను” అని అడిగింది.

“పద్ధతి పద్ధతేనమ్మా” అన్నారాయన. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పదకొండు కుటుంబాల ముందు ఇంకో మాట కూడా అన్నారు: “తల్లి ప్రేమ వేరు, మార్కులు వేరు. ఒంట్లో బాగాలేనప్పుడు పిల్లని నొప్పించలేక ఉదారంగా వేసి ఉంటారు. తప్పులేదు. కానీ రికార్డులో మాత్రం ‘పూర్తి కాలేదు’ అనే రాస్తాను.”

ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. దాన్ని నేను ఇంకా మోస్తున్నాను.

ఆస్పత్రిలో ఆమె ఒక నోటుపుస్తకం అడిగి తెప్పించుకుని ఆ నలభై ప్రశ్నలూ మళ్లీ మొదటి నుంచి చేయడం మొదలుపెట్టింది. సెలైన్ సూది ఎడమ చేతికి పెట్టమని నర్సును బతిమాలింది. “ఏవండీ, రెండోసారి చేసినా నాకు మన అమ్మాయికొచ్చినవే వస్తున్నాయి. అంటే నేనే తప్పు నేర్పానన్నమాట” అంది. ‘ఎడిషన్ ఏమన్నా తేడా ఏమో’ అని నాకు తోచలేదు. ఆమెకు ఒకసారి తోచింది. “ఛ, నేను జాబితాలో రాసిచ్చానుగా. ఆయన చూసుకునే ఉంటారు” అని తనే కొట్టిపారేసింది. ఇరవై మూడో లెక్క దగ్గర నోటుపుస్తకం ఆగిపోయింది. తర్వాత నెలకే ఆమె కూడా.

ఆ తర్వాత అమ్మాయి, ఎప్పటినుంచో చేరతానన్న ఫార్మసీ కాలేజీ మాట ఎత్తడం మానేసింది. చరిత్ర బాగుంది నాన్నా అనేది. చరిత్ర బాగానే ఉంటుంది. కానీ అమ్మ మందుల సీసాల మీది చీటీలన్నీ చదివిన పిల్ల అది.

ఏడాదిన్నర గడిచింది. కొత్త కోర్సులు మొదలయ్యే ముందు మా సంఘం వాళ్లు హాల్లో బల్లలు వేసి, వాడేసిన పుస్తకాలు పరిచి, ఎవరికి కావాల్సినవి వాళ్లు తీసుకుంటారు. ఈసారి నేను ఆమె పెట్టెను మోసుకెళ్లాను. పక్క బల్ల దగ్గర కవలల్ని చదివించే ఒక చిన్న వయసు తల్లి నిలబడి ఉంది. అందరూ ఆవిడను కవలలమ్మ అంటారు. ఇద్దరు పిల్లలకీ రెండు కెమిస్ట్రీ పుస్తకాలు కావాలి, ఒకటి ఉంది, ఇంకోటి నా పెట్టెలో దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి తిరగేసింది.

“అన్నయ్యా, ఇదేంటి? ఇది మా దానిలా లేదే.”

“అదే పుస్తకం తల్లీ. అట్ట చూడు.”

“అట్ట కాదన్నయ్యా, లెక్కలు చూడండి. నా దాంట్లో పదిహేడోది ఉప్పు గురించి. మీ దాంట్లో సోడా. అంకెలన్నీ మార్చేశారు. నయం, చూసుకోకుండా తీసుకెళ్లుంటే మా పిల్లలిద్దరూ జుట్లు పట్టుకునేవాళ్లు!”

నేను చేతుల్లోకి తీసుకున్నాను. చివరి నలభై ప్రశ్నలు. ఒకటి, రెండు, మూడు. మాటల్లో జవాబు రాసే ప్రశ్నలు రెండింట్లోనూ అవే. లెక్కలు మాత్రం అన్నీ వేరు. మాటల ప్రశ్నలు లెక్కపెట్టాను. పదకొండు.

అమ్మాయి నా భుజం మీంచి చూస్తోంది. దానికి నాకంటే ముందే అర్థమైంది. ఏడవలేదు. “అమ్మ కరెక్టే” అంది, అంతే.

ఆ క్షణంలో హాలు చివర పెద్దసారు ఒక కాగితాన్ని చేయి బారు చాపి పట్టుకుని, తల వెనక్కి వంచి చదవడానికి తంటాలు పడుతున్నారు. కళ్లజోళ్లవాడిని, నాకు ఆ భంగిమ తెలుసు. ఆయన చేతులు ఇంకో జానెడు పొడుగుంటే అద్దాల అవసరం ఉండేది కాదు. అంత చిన్న అక్షరాలు ఈ మనిషి ఎన్నేళ్లుగా చదవట్లేదో నాకు అక్కడే తెలిసిపోయింది. ఆయన భార్య, మేం పిన్నిగారంటాం, ఆవిడ అప్పటికే మూడు వారాల తర్వాతి సోమవారానికి ఆయన పేరు నా దుకాణంలో రాయించింది, ఆయనకు చెప్పకుండా.

“ఇప్పుడే వెళ్లి అడుగుదాం నాన్నా” అంది అమ్మాయి.

“ఆగు.”

“ఎందుకు? కాలేజీకి కాగితాలు ఈ నెలాఖరు శుక్రవారం లోపల ఇవ్వాలి.”

“ఆయనే నా కుర్చీలో వచ్చి కూర్చుంటాడు. అప్పుడు.”

అమ్మాయి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రెండు గురువారాలు అలాగే గడిచాయి. రెండో గురువారం ఇంటికి వస్తూ దారిలో అంది: “నీ కోపం వండుకోడానికి నా కాగితాన్ని కట్టెగా పెడుతున్నావు నాన్నా.” పగ మన పని కాదని పాస్టరుగారు ఏటా ఒక ఆదివారం చెబుతారు. నేను ఏటా తల ఊపుతాను.

సోమవారం పదింటికి వాళ్లిద్దరూ వచ్చారు. పిన్నిగారు ముందు, ఆయన వెనక.

“వందనాలు బాబూ. ఈయన్ని లాక్కొచ్చేసరికి నా ప్రాణం తోకకొచ్చింది. నిన్న ఉప్పనుకుని పంచదార వేసుకున్నారు.”

“సీసా మీద రాసింది నువ్వు కోడిగీతలు. నా కళ్లకేం?” అన్నారు పెద్దసారు.

“ఏమీ లేదు, కాగితం పక్కింటి గుమ్మంలో పెడితే బ్రహ్మాండంగా చదువుతారు.”

ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం ఆనించమన్నాను. దూరం అక్షరాలు గడగడా చదివేశారు. “చూశావా?” అన్నట్టు భార్య వైపు తిరిగారు. అప్పుడు పరీక్ష ఫ్రేము ముక్కుకు తగిలించి, అద్దాలేవీ పెట్టకుండా, సొరుగులోంచి మొదటి పుస్తకం తీసి చేతిలో పెట్టాను.

“దగ్గరచూపు సార్. వెన్ను మీద అక్షరాలు చదవండి.”

“కెమిస్ట్రీ.”

“దాని కింద?”

చెయ్యి చాపారు. నేను మెల్లగా వెనక్కి తోశాను. “ఒక జానెడు దూరంలోనే పెట్టుకోవాలి సార్. పద్ధతి.”

ఆ మాట అంటున్నప్పుడు నా నోరు తియ్యగా అయింది. అబద్ధం ఎందుకు?

“కింద... ఏదో గీతలా ఉంది” అన్నారు.

కవలలమ్మ దగ్గర అరువు తెచ్చిన రెండో పుస్తకం ఇచ్చాను. అదీ గీతే. అప్పుడు రెండున్నర పవరు అద్దాలు జారవిడిచాను. ఎడమ కంటి పొరలో కాస్త వంకర ఉంది, దానికి తగ్గ గాజు పెట్టి కోణం తిప్పుకుంటూ వచ్చాను. ఆయన ముఖంలో ముడతలు ఒక్కొక్కటే విడిపోవడం కనబడింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఈ పనిలో ఇష్టమైన క్షణం అది. ఆ రోజు దాన్ని కూడా ఇష్టపడకూడదని అనుకున్నాను. కుదరలేదు.

“అబ్బ” అన్నారాయన, చిన్నపిల్లాడిలా.

“ఇప్పుడు చదవండి.”

“మూడో ఎడిషన్. సవరించినది.”

“రెండోదాని మీద?”

“రెండో ఎడిషన్.”

“రెండింట్లోనూ చివర్న పదిహేడో లెక్క చదవండి సార్. పైకి.”

చదివారు. మొదటిది సోడా, రెండోది ఉప్పు. గొంతు రెండోదాని మధ్యలో నెమ్మదించింది. నేను మా అమ్మాయి పేపరు పైన పెట్టాను. ఇరవై తొమ్మిది ఇంటూలు, ఒక్కొక్కటీ పేజీ చీరేలా గట్టిగా వేసినవి.

“ఇది ఏ పుస్తకంలోంచి రాసిన పేపరు సార్?”

ఆయన తల ఎత్తారు. అద్దాల వెనక కళ్లు పెద్దగా కనబడుతున్నాయి. అర్థమైంది. కానీ ముప్పై ఏళ్లు హెడ్‌మాస్టరుగా చేసిన మనిషి అంత తేలిగ్గా దిగడు.

“ఎడిషన్ తేడా ఉన్నప్పుడు ముందే చెప్పాల్సింది మీ ఆవిడే కదయ్యా.”

ఆ మాట కోసమే నేను మూడు వారాలు ఆగాను. జాబితా తీసి ఆయన ముందు పెట్టాను. ఆమె రాత చీమల బారులా ఉండేది. సన్నగా, వరసగా, ఒక్క చీమా దారి తప్పకుండా.

“మూడో వరస సార్.”

పెదాలతోనే చదువుకున్నారు.

“వినపడలేదు.”

“కెమిస్ట్రీ” అన్నారు. “మూడో ఎడిషన్. రెండోది కాదు. దయచేసి గమనించగలరు.”

“కింద ఎవరి సంతకం?”

నేను చెయ్యి చాపి ఆయన ముక్కు మీంచి ఫ్రేము తీసేశాను. అక్షరాలన్నీ ఒక్కసారిగా మబ్బులోకి వెళ్లిపోయి ఉంటాయి. ఆయన చేతులు గాల్లో తడుముకున్నాయి. “ఇలాంటి కళ్లతో పెట్టిన సంతకం సార్ ఇది” అన్నాను. “ఇలాంటి కళ్లతోనే బీరువాలోంచి ఏదో ఒక జవాబుల పుస్తకం లాగి, మంచాన పడ్డ మనిషిని పదకొండు ఇళ్ల ముందు అబద్ధాలకోరుని చేశారు.”

పిన్నిగారు లేచి నిలబడింది.

“ఏవండీ, ఆ పిల్ల మన గుమ్మం దాకా వచ్చింది కదా? జవాబుల పుస్తకం చూపించమని. నేను లోపల ఉండగా వచ్చి వెళ్లిపోయింది కదా?”

ఇది నాకు తెలియదు. వాళ్లింటికి కూడా వెళ్లానని నా భార్య నాకెప్పుడూ చెప్పలేదు.

“వచ్చింది” అన్నారాయన.

తర్వాత నా వైపు తిరిగి అడిగారు: “ఏం చేయమంటావు?”

క్షమాపణ చెప్పమని అడుగుతానని అనుకున్నట్టున్నారు. క్షమాపణ తేలిక, ఒక్క ముక్కలో అయిపోతుంది. “గురువారం అందరి ముందూ ఈ పేపరు మళ్లీ దిద్దండి” అన్నాను. “నలభై ప్రశ్నలూ. ఒక్కొక్కటీ మీరే బోర్డు మీద చేసి, పైకి చదివి, ఒప్పయితే ఒప్పు అని, తప్పయితే తప్పు అని చెప్పాలి. బీరువాలో మూడో ఎడిషన్ జవాబుల పుస్తకం లేదు కాబట్టి పుస్తకం చూడకుండా.”

“నలభైనా?”

“ఇరవై తొమ్మిది ఇంటూలు వేసేటప్పుడు మీకు చెయ్యి నొప్పి పుట్టలేదు.”

“కళ్లజోడు లేకుండా ఎలా చేస్తాను?”

“బుధవారానికి ఇస్తాను” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది, నా గోతిలో నేనే పడ్డానని.

రెండు రోజులు ఆయన అద్దాలు నా బల్ల మీద ఉన్నాయి. ఎడమ గాజు కోణం ఒక పది డిగ్రీలు పక్కకు తిప్పితే చాలు. ఎవరికీ తెలియదు. గీతలు ఒరిగిపోతాయి, పది నిమిషాలకు తల పగిలిపోతుంది, బోర్డు ముందు మనిషి తూలతాడు. పదకొండు కుటుంబాలూ చూస్తాయి. మంగళవారం మధ్యాహ్నం నిజంగానే ఆ గాజును పది డిగ్రీలు తిప్పి పట్టుకుని దాంట్లోంచి చూశాను. చూసింది నా కూతురి పేపరే. అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

ఆయన తూలితే పోయేది ఆయన పరువు ఒక్కటే కాదు. ఆ మనిషి సరిగ్గా చూడకపోతే నా భార్య సరిగ్గా నేర్పిందని ఎవరూ చెప్పలేరు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. శత్రువు కోసం నా చేతి పనంతా ధారపోయాల్సి వచ్చింది. మెరుగు పెట్టిన గాజును రెండుసార్లు పారేసి మూడోసారి చేశాను. ఇరవై రెండేళ్లలో అంత మంచి అద్దాలు నా చేతుల్లోంచి రాలేదు.

గాజు విషయంలో న్యాయం చేశాను. ఫ్రేము విషయంలో మాత్రం నేను మనిషినే. కుడి చెవి వెనక ఆనే ఫ్రేము కొమ్మను ఒక పిసరు ఎక్కువ వంచాను. పెట్టుకున్న మొదటి పది నిమిషాలు తెలియదు. గంటయ్యాక చెవిని ఎవరో గిల్లి పట్టుకున్నట్టు ఉంటుంది.

గురువారం హాలు నిండింది. కవలలమ్మ ముందు వరసలో కూర్చుంది. నిజానికి ఆవిడే అందరికీ ఫోన్లు చేసింది, నేను చెప్పకముందే. “అన్నయ్యా, ఇలాంటిది చూడకపోతే ఎలా!” అంది. అమ్మాయి నా పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా ఒళ్లో ఆస్పత్రి నోటుపుస్తకం.

పెద్దసారు సుద్దముక్క తీసుకున్నారు. “రెండేళ్ల క్రితం ఈ పేపరు నేను దిద్దాను” అన్నారు. “వేరే ఎడిషన్ జవాబులు పెట్టుకుని దిద్దాను. ఇప్పుడు మళ్లీ దిద్దుతున్నాను.” ఇంకేమీ వివరణ ఇచ్చుకోలేదు. కళ్లజోడు పెట్టుకున్నారు.

“ఒకటి. ఒప్పు.”

“రెండు. ఒప్పు.”

లెక్క వచ్చిన చోట బోర్డు మీద చేశారు. ఒప్పుకోవాలి, బాగా చేశారు. చేతిరాత ఇంకా హెడ్‌మాస్టరుదే. ఎనిమిదో ఒప్పుకు వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. పద్నాలుగో ఒప్పుకు ఆ రోజు ఏమీ అనని వాళ్లలో ఇద్దరు తల వంచుకున్నారు. నేను ఒక్కొక్క ఒప్పునూ ఆకలిగా ఉన్నవాడు ముద్ద లెక్కపెట్టుకున్నట్టు లెక్కపెట్టుకున్నాను.

“ఇరవై మూడు” అన్నారు. బోర్డు మీద చేశారు. ఆగారు. మళ్లీ చేశారు. పేపరు దగ్గరగా పట్టుకుని చూశారు, ఇప్పుడు ఒక్క జానెడు దూరంలో. తర్వాత నా వైపు చూశారు. ఆ ఒక్కదాన్నీ ఒప్పు అనేస్తే నేను అడిగేవాణ్ణి కాదు, ఎవరికీ తెలిసేది కాదు. ఆయనకు అది తెలుసు.

“తప్పు” అన్నారు. “తేమని లెక్కలోకి తీసుకోలేదు.”

హాల్లో కలకలం. నా పక్కన అమ్మాయి “అవును, తప్పే” అంది మెల్లగా, మొహం వెలిగిపోతూ. ఆ ఒక్క తప్పుతో మిగతా ఒప్పులన్నీ నిజమైపోయాయి. ఆయన చేతిలోంచి నాకు అందిన మొదటి దయ అది. తీసుకోవడం ఇష్టం లేకపోయినా తీసుకున్నాను.

కానీ నా వేళ్లు అప్పటికే నోటుపుస్తకం తిప్పుతున్నాయి. ఇరవై మూడు. ఆమె ఆగిపోయిన చోటు. ఇన్నాళ్లూ అలసిపోయి ఆపేసిందనుకున్నాను. చీమల బారు అక్కడ వంకర పోయింది. ఒక జవాబు రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన రాసింది: ‘నాకు రావట్లేదు.’

బోర్డు మీది అంకె చూశాను. కొట్టేసిన అంకె చూశాను.

లేచి వెళ్లి నోటుపుస్తకం ఆయన చేతిలో పెట్టాను. “సార్, దీన్ని కూడా దిద్దండి.”

ఆయన చూశారు. అద్దాలు బాగా చేశాను కదా, ఒక్క చీమ కూడా తప్పించుకోలేదు. సుద్దముక్క కింద పడింది.

“పైకి” అన్నాను.

“ఇరవై మూడు” అన్నారు. “ఇది... ఈ అమ్మాయి తల్లి ఆస్పత్రిలో చేసింది. తేమని లెక్కలోకి తీసుకుంది. చేసి, కొట్టేసింది.” నోటుపుస్తకం అందరి వైపూ తిప్పారు. “కొట్టేసింది ఒప్పు.”

కవలలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిన్నిగారు గ్లాసుతో నీళ్లు తీసుకుని లేచింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. “పిన్నిగారూ, ఇంకా పదిహేడున్నాయి.”

“బాబూ...”

“వద్దు, కూర్చో” అన్నారు పెద్దసారు ఆవిడతో. నోటుపుస్తకాన్ని మూసి, పేజీ దగ్గర వేలు పెట్టి, నాకు రెండు చేతులతో తిరిగి ఇచ్చారు. సుద్ద తీసుకుని “ఇరవై నాలుగు” అన్నారు.

ముప్పై ఏడోది కూడా తప్పయింది. మొత్తం ముప్పై ఎనిమిది. రికార్డు పుస్తకం తెరిచి ‘పూర్తి కాలేదు’ను కొట్టేసి మార్కులు రాశారు. ‘బోధించినవారు’ అన్న గడిలో రెండేళ్లుగా ఒక చిన్న గీత ఉంది. ఆయన కలం అక్కడ ఆగింది. కలాన్ని అమ్మాయి చేతికిచ్చి పక్కకు జరిగారు. అమ్మాయి వాళ్లమ్మ పేరు పూర్తిగా, ఇంటి పేరుతో సహా, గడి దాటేంత పెద్ద అక్షరాలతో రాసింది. వాళ్లమ్మ రాతలా కాదు. ఎవరైనా గది అవతల నుంచి కూడా చదవచ్చు.

నా కోపం ఆ రోజుతో పోయిందని రాస్తే అది ఒక అందమైన అబద్ధం. కొంచెం తగ్గింది. గుమ్మం బయట వదిలేంత చిన్నదైంది.

మేం మెట్లెక్కి బయటికి వస్తుంటే పెద్దసారు హాలు గుమ్మం పక్కన నిలబడి కళ్లజోడు తీసి కుడి చెవి రుద్దుకుంటున్నారు. చెవి వెనక ఎర్రటి గీత. మళ్లీ పెట్టుకుని, చేతిలో ఉన్న వచ్చే ఏటి పుస్తకాల జాబితాలు ఒక్కొక్కటీ తీసి, మూడో వరసా నాలుగో వరసా వేలు పెట్టి చదువుతున్నారు. చెవి సంగతి మాత్రం ఒక్క మాట కూడా నన్ను అడగలేదు.

అమ్మాయి ఆగింది. రికార్డు నకలు కాగితాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని ఉంది. రేపే శుక్రవారం, రేపే అది కాలేజీకి వెళ్తుంది.

“నాన్నా, ఆయన చెవి చూశావా? ఎర్రగా అయిపోయింది. ఫ్రేము బిగుతుగా ఉన్నట్టుంది.”

“ఉంటుంది.”

“నువ్వెప్పుడూ అలా ఇవ్వవే?” అని నా మొహంలోకి చూసింది. దానికి వాళ్లమ్మ కళ్లు. దేన్నైనా ‘ఎందుకు?’ అని అడిగే కళ్లు. “నాన్నా!”

“సరిచేస్తాలే.”

“ఎప్పుడు?”

“శనివారం” అన్నాను.

“ఇప్పుడే చెయ్యి. జేబులో చిన్న పట్టకారు ఉంటుందిగా నీకు ఎప్పుడూ.”

ఉంది. వేలికి తగులుతూనే ఉంది.

“సరే, రేపు సాయంత్రం” అన్నాను. “నీ కాగితం ఇచ్చి వచ్చాక. అప్పటిదాకా ఉండనీ.”

అమ్మాయి నవ్వాపుకోలేక తల తిప్పుకుంది. నేను జేబులోంచి చెయ్యి తీసి దాని భుజం మీద వేశాను. మేం నడిచాం.